లారీ దారి మారితే దుమ్ము ఎవరి వాకిట్లోకి?

ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా లారీల మాట వస్తే చివరికి అందరూ చెప్పేది ఒకటే: ఊళ్లోకి రానీయకుండా బయటినుంచే పంపించేయండి అని. కోరిక న్యాయమైనదే. ఇరుకు బజార్లో సిమెంటు లోడుతో పదహారు టైర్ల బండి మలుపు తిరుగుతుంటే బడిపిల్లల సైకిళ్లు ఎక్కడికి పోవాలి? కానీ ఊరి బయట అంటే ఖాళీ జాగా ఏమీ కాదు. అక్కడ ఓ పల్లె ఉంటుంది, ఓ హాస్టలు ఉంటుంది, కొత్తగా పట్టాలిచ్చిన కాలనీ ఉంటుంది, చీనీ తోట ఉంటుంది. ఊళ్లోంచి తప్పించిన లారీ వాళ్ల వాకిళ్ల ముందు నుంచి పోతుంది.

లారీల దారి మార్చే ఉత్తర్వు దుమ్మునూ పొగనూ తగ్గించవచ్చు, తగ్గించకపోవచ్చు. వాటిని ఒకరి నుంచి ఇంకొకరికి పంచడం మాత్రం తప్పక చేస్తుంది. ఆ పంపకంలో ఎవరి వాటా ఎంతో ముందే లెక్క చూసే పద్ధతి మన చట్టాల్లో ఉందా? ఉంటే ఎంతవరకు? లేకపోతే ఈ మూడు పట్టణాల వరకైనా ఎలా పెట్టుకోవచ్చు? ఈ సమీక్ష వెతికేది వీటికి జవాబులు.

లోడు ఎక్కడిది, దారులు ఏవి

కడప జిల్లా పడమటి భాగం సున్నపురాయి నేల. ఎర్రగుంట్ల, చిలంకూరులలో ఇండియా సిమెంట్స్ ఫ్యాక్టరీలు, ఎర్రగుంట్ల దగ్గరే జువారి, కమలాపురం మండలం నల్లలింగాయపల్లెలో భారతి, జమ్మలమడుగు వైపు దాల్మియా. జిల్లా హద్దు దాటగానే తాడిపత్రి చుట్టూ మరికొన్ని. ఎర్రగుంట్ల, ముద్దనూరుల మధ్య కలమళ్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 1994లో మొదటి యూనిట్‌తో మొదలైన ఈ ఆర్టీపీపీలో ఇప్పుడు 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్లది ఒకటి, మొత్తం 1,650 మెగావాట్లు. బొగ్గు రైల్లో వస్తుంది. కాలాక మిగిలిన బూడిదలో చాలా భాగం బల్కర్లలో, టిప్పర్లలో రోడ్డెక్కుతుంది. వీటికి తోడు నిడుజువ్వి పరిసరాల నాపరాయి బండలు, పులివెందుల వైపు ముగ్గురాయి, ఆ ప్రాంతపు అరటి, చీనీ కాయల లోడ్లు.

ఈ బరువునంతా మోసేది నాలుగైదు రోడ్లు. 67వ నంబరు జాతీయ రహదారి బళ్లారి వైపు నుంచి గుత్తి, తాడిపత్రి, ముద్దనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు మీదుగా కృష్ణపట్నం రేవుకు పోతుంది. 716వ నంబరు చెన్నై వైపు నుంచి కడప, కమలాపురం, ఎర్రగుంట్ల దాటి ముద్దనూరులో దాన్ని కలుస్తుంది. ముద్దనూరు నుంచే 716జి పులివెందుల, కదిరి మీదుగా హిందూపురం దిక్కుకు సాగుతుంది. మైదుకూరు దగ్గర కర్నూలు–కడప రహదారి అడ్డంగా వస్తుంది. ఇలా చూస్తే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు గనులకూ రేవుకూ మధ్యనున్న ఊళ్లు. పులివెందుల సిమెంటుకూ బెంగళూరు మార్కెట్‌కూ మధ్యనున్న ఊరు. లోడు ఈ ఊళ్లది కాదు, దుమ్ము మాత్రం ఈ ఊళ్లకే మిగులుతుంది.

చట్టం చూపు ఎంత దూరం

పర్యావరణ ప్రభావ అంచనాకు ఇప్పుడు ఆధారం 2006 సెప్టెంబరు 14న వచ్చిన కేంద్ర నోటిఫికేషన్. దాని ప్రకారం సిమెంటు ఫ్యాక్టరీకి, గనికి, థర్మల్ కేంద్రానికి ముందస్తు అనుమతి కావాలి. వాటిలో చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరపాలి. కొత్తగా వేసే జాతీయ రహదారికీ అనుమతి తప్పదు. ఉన్న రహదారిని వెడల్పు చేస్తే మాత్రం 2013 ఆగస్టు సవరణ తర్వాత లెక్క మారింది. పొడవు 100 కిలోమీటర్లు దాటాలి, అదనంగా తీసుకునే భూమి వెడల్పు పాత దారి వెంట 40 మీటర్లు, దారి మళ్లే చోట, బైపాస్ దగ్గర 60 మీటర్లు మించాలి. అప్పుడే అనుమతి అవసరం. పాత రహదారి మీద ఒక పట్టణం చుట్టూ వేసే చిన్న బైపాస్ ఈ కొలతకు ఎక్కడా అందదు. జాతీయ రహదారుల చట్టం కింద భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా కూడా వర్తించదు.

రోడ్డు కొత్తది కాకుండా, ఉన్న రోడ్ల మీదనే లారీలను ఇటు కాకుండా అటు పొమ్మంటే? దానికి వాడేది మోటారు వాహనాల చట్టం, 1988లోని 115వ సెక్షన్. ప్రజల భద్రత కోసమో, సౌకర్యం కోసమో, రోడ్డు లేదా వంతెన స్వభావాన్ని బట్టో రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ, వాహనాలను నిషేధించవచ్చు, నియంత్రించవచ్చు. ఆంక్ష నెలకు మించితే గెజిట్‌లో వేయాలి, మించకపోతే స్థానికంగా దండోరా వేస్తే చాలు. ఈ సెక్షన్‌లో గాలి మాట లేదు, చప్పుడు మాట లేదు. లారీలు కొత్తగా వచ్చిపడే ఊరివాళ్లను పిలిచి అడగాలన్న నిబంధన కూడా లేదు. ఫ్యాక్టరీ పొగగొట్టానికి వందల పేజీల నివేదిక కావాలి. ఆ ఫ్యాక్టరీ నుంచి బయల్దేరే లారీలను ఒక పల్లె మీదికి మళ్లించడానికి ఒక పేజీ ఉత్తర్వు సరిపోతుంది.

ఫ్యాక్టరీ నివేదికలో లారీల ప్రస్తావన ఉంటుంది కదా అనవచ్చు. ఉంటుంది, కానీ దాని పరిధి చిన్నది. సాధారణంగా ఫ్యాక్టరీ చుట్టూ 10 కిలోమీటర్ల వలయాన్ని అధ్యయన ప్రాంతంగా గీస్తారు. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు సుమారు 15 కిలోమీటర్లు. లోడెత్తిన లారీ ఆ వలయాన్ని పావుగంటలో దాటిపోతుంది, దానితోపాటే నివేదిక బాధ్యతా తీరిపోతుంది. వలయం లోపల కూడా చూసేది ప్రధానంగా రోడ్డుకు అంత రద్దీ తట్టుకునే సామర్థ్యం ఉందా అన్నదే. గ్రామీణ రహదారుల సామర్థ్యపు లెక్కల్లో ఒక లారీని మూడు కార్లుగా కడతారు. రోడ్డు మీద జాగా విషయంలో ఆ లెక్క సరిపోతుందేమో. ఊపిరితిత్తుల విషయంలో సరిపోదు.

ఇంకో లోపం, ప్రతి ఫ్యాక్టరీ తన లారీలనే లెక్కిస్తుంది. ఉదాహరణకు ఏడాదికి 20 లక్షల టన్నుల సిమెంటు చేసే ఫ్యాక్టరీ అందులో సగం రోడ్డు మీద పంపుతుందనుకుందాం. 25 టన్నుల లోడు చొప్పున, ఏడాదికి 300 రోజులు వేసుకుంటే రోజుకు 133 లారీలు. ఖాళీగా తిరిగొచ్చేవీ కలిపితే 266 ప్రయాణాలు, అంటే పగలూ రాత్రీ కలిపి సగటున అయిదున్నర నిమిషాలకొకటి. విడిగా చూస్తే భరించదగ్గదే. అలాంటివి నాలుగైదు ఫ్యాక్టరీలు ఒకే రోడ్డుకు చేరితే ఏమవుతుందన్న ఉమ్మడి లెక్క మాత్రం ఏ ఒక్క ఫ్యాక్టరీ బాధ్యతా కాదు.

లారీతోపాటు ఏమేం మళ్లుతాయి

మొదటిది దుమ్ము. లారీ దుమ్ము అనగానే పైనుంచి రాలే లోడు గుర్తొస్తుంది. పట్ట సరిగా కట్టని టిప్పర్ విషయంలో అది నిజమే. కానీ రోడ్డు మీద పేరుకున్న మెత్తటి మట్టిని చక్రాలు మళ్లీమళ్లీ పైకి లేపడం అంతకన్నా పెద్ద సమస్య. అమెరికా పర్యావరణ సంస్థ తారురోడ్ల దుమ్ముకు వాడే సూత్రంలో రెండే ప్రధానాంశాలు: రోడ్డు మీద పడివున్న మెత్తటి మట్టి ఎంత, దాని మీద తిరిగే బళ్ల సగటు బరువు ఎంత. రెంటిలో ఏది రెట్టింపైనా దుమ్ము దాదాపు రెట్టింపవుతుంది. మట్టి అంచులున్న పల్లెరోడ్డుకు లారీలను మళ్లిస్తే రెండూ ఒకేసారి పెరుగుతాయి. అదే లారీ, అదే లోడు, దుమ్ము మాత్రం ఊళ్లో కంటే ఎక్కువ. రోడ్డు పక్క తోటల్లో ఆకుల మీద అట్టకట్టిన దుమ్ము కాపును దెబ్బతీస్తుంది.

రెండోది పొగ. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. రద్దీ రహదారికి 300 నుంచి 500 మీటర్ల లోపున్నవారి మీద వాహన కాలుష్య ప్రభావం ఎక్కువని హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ 2010 నివేదిక చెబుతుంది. దారి ఎంపికలో ఇది పనికొచ్చే కొలత: కొత్త దారికి అటూ ఇటూ అర కిలోమీటరు గీత గీసి, అందులో ఎన్ని ఇళ్లు, ఎన్ని బడులు, ఎన్ని ఆసుపత్రులు పడుతున్నాయో లెక్కపెడితే సగం సమీక్ష అయిపోయినట్టే. దేశంలో గాలి ప్రమాణం పీఎం10 అనే సన్నటి ధూళికి ఏడాది సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ఆ ప్రమాణాలు అందుకోలేని పట్టణాల కోసం 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో కడప నగరం ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లేవు.

మూడోది చప్పుడు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. పగటిపూట లారీలను ఆపేసి రాత్రి వదిలితే, హద్దు తక్కువున్న వేళకే చప్పుడంతా చేరుతుంది.

నాలుగోది రోడ్డు ఆయుష్షు. ఇరుసు మీద బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1958–60 మధ్య అమెరికాలో జరిగిన రోడ్డు పరీక్షలు తేల్చాయి. బరువు 20 శాతం ఎక్కువైతే నష్టం రెట్టింపు దాటుతుందన్నమాట. 2018లో కేంద్రం అనుమతించిన బరువులను పెంచింది. మూడు ఇరుసుల లారీకి 25 టన్నుల హద్దు 28.5 అయింది. జాతీయ రహదారిని ఆ బరువు లెక్కతో వేస్తారు, పంచాయతీరాజ్ రోడ్డును వేయరు. మళ్లించిన నెలల్లోనే అది గుంతలవుతుంది, గుంతల నుంచి మళ్లీ దుమ్ము లేస్తుంది.

అయిదోది ప్రాణభయం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో రెండు శాతం చిల్లర ఉండే జాతీయ రహదారుల మీదే ఆ మరణాల్లో మూడో వంతుకు పైగా జరిగాయి. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, గొర్రెల మందలు నడిచే దారి మీదికి రహదారి రద్దీని పంపేటప్పుడు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

మూడు పట్టణాలు, మూడు చిక్కులు

ప్రొద్దుటూరు బంగారం, బట్టల వ్యాపారానికి పేరున్న ఊరు. ఇక్కడి లారీల్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఊరిని దారిగా వాడుకుని వెళ్లిపోయేది. రెండోది ఊరికే సరుకు తెచ్చేది. మొదటిదాన్ని బయటికి తోలడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. రెండోదాన్ని ఆపితే హోల్‌సేల్ బజారు ఆగుతుంది, హమాలీల కూలి పోతుంది. పెద్ద లారీని ఊరి బయట ఆపి, అందులోని సరుకును అయిదారు చిన్న బళ్లకు మారిస్తే బజారులో బళ్ల సంఖ్య తగ్గదు, పెరుగుతుంది. కాబట్టి ప్రొద్దుటూరులో ముందు చేయాల్సిన పని ఏ లారీ ఏ రకమో లెక్క తీయడం. ఆ లెక్క లేకుండా పెట్టే నిషేధం రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంది.

జమ్మలమడుగు చిక్కు వేరు. పెన్నా ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో ఏ దారి మార్చినా వంతెన దగ్గరికి వచ్చి ఆగాల్సిందే. ఇవాళ్టి లారీల సంగతి అలా ఉండగా రాబోయే లారీల ప్రశ్న ఇంకా పెద్దది. ఈ నియోజకవర్గంలో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపనల మీద శంకుస్థాపనలు జరిగాయి. 2007లో బ్రహ్మణి స్టీల్స్, 2018 డిసెంబరులో కంబాలదిన్నె, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె, అక్కడే 2023 ఫిబ్రవరిలో జేఎస్‌డబ్ల్యూ భూమిపూజ. ఫ్యాక్టరీ నిజంగా లేచిన రోజున ఇనుప ఖనిజం, బొగ్గు రావాలి, ఉక్కు పోవాలి. అందులో రైలుకెంత, రోడ్డుకెంత, రోడ్డయితే ఏ ఊరి మీదుగా అన్నది పునాదిరాయి నాడే తేలాల్సిన మాట.

జమ్మలమడుగు ప్రాంతం మరో సంగతి కూడా చూపించింది. 2024 నవంబరులో ఆర్టీపీపీ బూడిదను తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీకి ఎవరి లారీలు తోలాలన్న దానిపై జమ్మలమడుగు, తాడిపత్రి నాయకుల మధ్య గొడవ రేగి ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. లారీలు ఆగాయి, పోలీసులు మోహరించారు, పత్రికలు రోజుల తరబడి రాశాయి. గొడవంతా బాడుగ ఎవరికన్నదాని మీదే. ఆ బూడిద ఏ పల్లెల మీదుగా, ఏ వేళల్లో, ఎలా కప్పి పోతోందన్నది రెండు పక్షాలకూ చర్చనీయాంశం కాలేదు. 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ థర్మల్ కేంద్రాలు బూడిదనంతా వినియోగంలోకి తేవాలంటోంది. కుప్పలు కరగడం మంచిదే, కానీ కరిగిన ప్రతి టన్నూ రోడ్డెక్కుతుంది.

పులివెందులకు ఊరి చుట్టూ రింగ్ రోడ్డు ఉంది. మిగతా రెండూ కోరుకునేది దీనికి ముందే దక్కింది. ఇక్కడి నుంచి నేర్చుకోవాల్సింది తర్వాతి దశ గురించి. రింగ్ రోడ్డు పడితే దాని పక్క భూమికి రేటు వస్తుంది, ప్లాట్లు పడతాయి, కాలేజీలు, కల్యాణ మండపాలు లేస్తాయి. లారీల కోసం వేసిన దారి కొన్నేళ్లకు ఊరి వీధి అవుతుంది. రోడ్డు వేసేనాడే దాని పక్కన ఇళ్లకు, బడులకు ఎంత దూరం వదలాలో మాస్టర్ ప్లాన్‌లో రాసి అమలు చేస్తే తప్ప ఏ బైపాసూ బైపాస్‌గా మిగలదు. పైగా బెంగళూరు–విజయవాడ కొత్త రహదారి, 544జి, ఈ ప్రాంతం మీదుగానే వస్తోంది. కొడికొండ నుంచి అద్దంకి దగ్గరి ముప్పవరం దాకా సుమారు 343 కిలోమీటర్ల కొత్త దారి అది. అది పూర్తయ్యాక దాన్ని ఎక్కడానికి, దిగడానికి లారీలు వెతుక్కునే చిన్న రోడ్ల గతేమిటన్నది పులివెందుల ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న.

లెక్క లేని మళ్లింపు ఎలా ఉంటుందో ఒకసారి చూశాం. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. కడప–తాడిపత్రి రహదారి తెగిపోయి, బళ్లు ప్రొద్దుటూరు, మైదుకూరు చుట్టూ తిరిగి కడప చేరాల్సి వచ్చింది. విపత్తులో ముందస్తు సమీక్ష ఎవరూ అడగరు. అయితే పెన్నా, పాపాఘ్ని, కుందూ పారే జిల్లాలో వంతెనలు తెగడం కొత్త కాదు. ఏ వంతెన తెగితే లారీలు ఎటు పోవాలో, ఆ దారిలో ఏ ఊళ్లకు ఏ రక్షణ కావాలో ముందే రాసి పెట్టుకోవడం అసాధ్యమూ కాదు.

బయటి అనుభవం

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్లండ్ నగరం ఈ ప్రశ్నకు పాత పాఠం. అక్కడ 580 నంబరు రహదారి మీద 4.5 టన్నులు మించిన లారీలను దశాబ్దాలుగా రానీయరు. ఆ లారీలన్నీ సమాంతరంగా సాగే 880 మీదుగా పోతాయి. 580 కొండవైపు కలిగినవాళ్ల ఇళ్ల మీదుగా వెళుతుంది, 880 నల్లజాతివారు, లాటినోలు ఎక్కువగా ఉండే పేటల మీదుగా. గాలి కొలతల్లో రెండో దారి పక్కనే కాలుష్యం ఎక్కువ తేలింది. అదే కాలిఫోర్నియా 2024లో ఏబీ 98 అనే చట్టం తెచ్చింది. పట్టణాలు తమ రవాణా ప్రణాళికల్లో లారీ దారులను గుర్తించి, ఇళ్లకు, బడులకు దూరంగా ఉండేలా సవరించాలని గడువు పెట్టింది. గోదాములు కిక్కిరిసిన ప్రాంతానికి 2026 జనవరి, మిగతావాటికి 2028 జనవరి.

మన దేశంలో ఢిల్లీ వేరే దారి పట్టింది. ఢిల్లీలోకి వచ్చే లారీల మీద 2015లో సుప్రీంకోర్టు పర్యావరణ పరిహార రుసుము వేయించింది. తూర్పు, పడమటి వలయ రహదారులు 2018లో పూర్తయ్యాయి. డబ్బు భారం, ప్రత్యామ్నాయ దారి రెండూ జతకలిస్తేనే లారీ మళ్లుతుందన్నది అక్కడి పాఠం. బోర్డు పెట్టినంత మాత్రాన మళ్లదు, డీజిల్ ఖర్చు ఎక్కడ తక్కువైతే అక్కడికే పోతుంది.

మార్గాల బలాబలాలు

బైపాస్ ఊరి గుండెకు ఊరట, ఊరి అంచుకు బరువు. పగటి నిషేధం చదువుకునే పిల్లలకు మేలు, రాత్రి నిద్రకు చేటు. పైగా ఊరి బయట గంటల తరబడి బారులు తీరే లారీలకు పార్కింగ్ స్థలం, డ్రైవర్లకు నీళ్లు, మరుగుదొడ్లు ఉండాలి. అవి లేని నిషేధం రోడ్డు అంచునే లారీ స్టాండుగా మారుస్తుంది. చీకట్లో రోడ్డు పక్కన ఆగిన లారీని బైకులు గుద్దుకోవడం మనకు తెలియనిది కాదు.

రైలు అన్నిటికన్నా శుభ్రమైన జవాబు. ముంబయి–చెన్నై లైను ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగానే పోతుంది. 123 కిలోమీటర్ల ఎర్రగుంట్ల–నంద్యాల లైను 2016లో మొదలై ప్రొద్దుటూరునూ జమ్మలమడుగునూ కలిపింది. దూరప్రాంతపు సిమెంటుకు రైలు సరిపోతుంది. 50 కిలోమీటర్ల తాడిపత్రి బూడిదకు, పది లారీల బండలకు రైలు గిట్టుబాటు కాదు. కాబట్టి రైలు కొంత తగ్గిస్తుంది, మొత్తం తీసెయ్యదు. పైగా లారీ మీద బతికేవాళ్లు ఈ ప్రాంతంలో వేలల్లో ఉన్నారు. అప్పుచేసి బండి కొన్నవాడు, డ్రైవరు, పంక్చరు అంగడి, డాబా. లారీ అక్కర్లేదనే సమీక్ష వాళ్ల ముందు నిలవదు.

మిగిలినవి చిన్నవిగా కనిపించే పనులు: ఫ్యాక్టరీ గేటు దగ్గరే కాటా వేసి ఓవర్‌లోడును ఆపడం, పట్ట కట్టకుండా బండి బయటికి వదలకపోవడం, చక్రాలు కడిగి పంపడం, రోడ్డంచు మట్టిని యంత్రంతో ఊడ్చడం. దుమ్ము సూత్రం చెప్పినట్టు రోడ్డు మీది మట్టిని సగం చేస్తే దుమ్ము దాదాపు సగమవుతుంది, దారి మార్చకుండానే. ఓవర్‌లోడుకు 2019 సవరణ తర్వాత జరిమానా 20 వేల రూపాయలు, అదనపు టన్నుకు మరో 2 వేలు. చట్టంలో కొరత లేదు, గేటు దగ్గర కొరత ఉంది.

ఏం రాయాలి, ఎవరు రాయాలి

కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. 115వ సెక్షన్ కింద నెలకు మించిన ఏ ఆంక్షకైనా ముందు ఒక చిన్న నివేదిక తప్పనిసరి అని ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. అందులో ఉండాల్సినవి: పాత దారిలో, కొత్త దారిలో వారం పాటు పగలూ రాత్రీ లారీల లెక్క, లోడు రకంతో సహా. రెండు దారులకూ అర కిలోమీటరు లోపలి ఇళ్లు, బడులు, ఆసుపత్రులు, తాగునీటి వనరులు. మార్పుకు ముందు, ఆరు నెలల తర్వాత పీఎం10, రాత్రి శబ్దం కొలతలు. రోడ్డు ఆ బరువు మోస్తుందా అన్న దానిపై ఆర్ అండ్ బీ లేదా పంచాయతీరాజ్ ఇంజినీరు సంతకం. కొత్త దారిలో పడే ప్రతి పంచాయతీలో గ్రామసభ. కొలతలు చెడుగా వస్తే ఉత్తర్వు తనంతట తానే పునఃపరిశీలనకు రావాలన్న షరతు.

డబ్బెక్కడిదన్న ప్రశ్నకు జవాబు జిల్లాలోనే ఉంది. 2015 గనుల చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధికి గని లీజుదారులు రాయల్టీ మీద 10 శాతమో, పాత లీజులైతే 30 శాతమో కడతారు. తాగునీరు, ఆరోగ్యం, కాలుష్య నియంత్రణ ఆ నిధి తొలి ప్రాధాన్యాలు. సున్నపురాయి తవ్విన చోటే బాధితులున్నారని చూసే ఆ నిధి, ఆ రాయి లారీలో పోయే దారి పొడవునా కూడా బాధితులున్నారని గుర్తించాలి. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు దాకా, ముద్దనూరు నుంచి పులివెందుల దాకా నాలుగైదు చోట్ల గాలి కొలిచే యంత్రాలు పెట్టడం ఆ నిధికి పెద్ద ఖర్చు కాదు.

లారీలను ఊరు దాటించమని అడిగే హక్కు ప్రొద్దుటూరుకు ఉంది. దాటించిన లారీ ఏ పల్లెకు చేరుతుందో, ఎన్ని చేరతాయో, ఏ వేళ చేరతాయో ఆ పల్లెకు ముందుగా చెప్పి, దాని జవాబు రాతలో తీసుకోవాల్సిన బాధ్యత జిల్లా యంత్రాంగానికి ఉంది. జమ్మలమడుగులో ఉక్కు ఫ్యాక్టరీ లేవకముందే, పులివెందుల దగ్గర కొత్త రహదారి మీద లారీలు తిరగకముందే ఈ పద్ధతి మొదలైతే ఖర్చు కాగితాలతో పోతుంది. తర్వాతైతే ఆసుపత్రి బిల్లుల్లో కడతాం, అదీ లారీ సంపాదనలో పైసా రానివాళ్లు.